ఎడంచేతి చాకు

వీరన్న కొడవలిని వెనక్కి దాచుకోవడం సౌజన్య కళ్ళారా చూసింది.

ఆదివారం పొద్దున్నే అమలాపురం నుంచి బయల్దేరి ఐనవిల్లి దగ్గరున్న మేనమామ ఇంటికి వచ్చింది. స్కూటీ వాకిట్లో ఆపి, అత్తయ్యకి కుట్టి తెచ్చిన జాకెట్ల సంచీ తీసుకుంటోంది. అరుగు మీద మావయ్య బాపిరాజు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఆయన ముందు వేపపిండి బస్తా నిలబెట్టి ఉంది. కుడిచెయ్యి ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయిన వస్తువులా ఒళ్ళో ఉంది. ఎడంచేత్తో బస్తా మూతి కుట్టుదారం కొస పట్టుకుని లాగుతున్నాడు. దారం రావడం లేదు. కాసేపు చూసి, ముందుకు వంగి, దారాన్ని పంటి కింద పెట్టి కొరికాడు. తెగలేదు. పెదవికి అంటిన పిండి తుడుచుకున్నాక ఆ చెయ్యే అలవాటుగా చొక్కా కుడివైపు పక్కజేబు దాకా వెళ్ళింది. ఉత్త జేబు తడిమి వెనక్కి వచ్చింది.

"వీరన్నా, ఓసారి ఆ కొడవలి ఇలా ఇయ్యిరా" అన్నాడు.

ఏళ్ళ తరబడి ఆ కొబ్బరితోట చూస్తున్న వీరన్న మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. కొడవలి అతని చేతిలోనే ఉంది. అతను ముందు గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో అత్తయ్య భూలక్ష్మి నిలబడి ఉంది. వీరన్న చెయ్యి మెల్లగా వీపు వెనక్కి వెళ్ళింది.

"కొడవలి తోటలో మర్చిపోయేనండయ్యగారూ."

అతని పిక్క పక్కనుంచి కొడవలి ముక్కు కనిపిస్తూనే ఉంది. బాపిరాజు దాన్ని చూశాడు. ఆయన చూశాడన్నది వీరన్నకీ తెలిసింది.

"సర్లే. బస్తా దొడ్లోకి పట్టుకుపో" అని బాపిరాజు తల తిప్పి, అప్పుడే సౌజన్యని చూసినట్టు నవ్వాడు. "రా అమ్మలూ. ఎండెక్కక ముందే వచ్చేసేవు. మంచిపని చేసేవు."

వంటింట్లో భూలక్ష్మి జాకెట్లు విప్పి చూసి, చేతులు బాగా కుదిరాయని మెచ్చుకుంది. బీరువాలోంచి బాపిరాజు చొక్కాలు రెండు తీసి సౌజన్య ఒళ్ళో పెట్టింది.

"మనిషి తగ్గిపోయేరు కదా, వదులైపోయేయి. కాస్త లోపలికి పట్టి కుట్టవే."

"అలాగే అత్తయ్యా." సౌజన్య చొక్కాలు మడత పెడుతూ అడిగింది. "మావయ్య జేబులో ఎప్పుడూ ఉండే చాకేదండీ?"

భూలక్ష్మి కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతోంది. తలుపు దగ్గరగా వేసుకుని మరీ తరుగుతోందని సౌజన్య అప్పుడే గమనించింది.

"పోయింది" అంది ఆవిడ.

"మరి వీరన్న..."

"డాక్టరుగారు పదునైనవి ఇవ్వొద్దన్నారమ్మా. ఎడంచెయ్యి ఇంకా అలవాటు కాలేదు. ఎక్కడైనా కోసుకుంటే, రక్తం పలచబడే మందులేసుకుంటున్నారు కదా, ఆగదు." తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తి, కత్తిపీట కడిగి తుడిచి, స్టూలెక్కి అటక మీద పెట్టింది. స్టూలు మళ్ళీ గోడకి చేర్చింది. రోజూ చేసే పనిలాగే చేసింది.

బాపిరాజుకి జామపండు ముక్కలు పళ్ళెంలో వచ్చాయి. ముక్కలకి గింజలు కూడా తీసేసి ఉన్నాయి. ఆయన ఒక ముక్క తీసుకుని చూపించాడు.

"చూసేవా? నాకు చెయ్యి పోయిందంటే మీ అత్తయ్య పళ్ళు కూడా పోయేయనుకుంటోంది."

సౌజన్య నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. పక్షవాతం వచ్చిన కొత్తలో పోయిన మాట వర్షాల నాటికి తిరిగి వచ్చింది. కాలు కూడా ఈడ్చుకుంటూనైనా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. తిరిగి వస్తూ ముక్తేశ్వరం దాటేదాకా సౌజన్య కళ్ళముందు కొడవలి ముక్కు, దాన్ని చూసి తల తిప్పుకున్న మనిషి మొహం కదులుతూనే ఉన్నాయి. చాకు పోతే ఇంకోటి కొనొచ్చు. చేతికి తగ్గది కొనాలి, అంతే కదా అనుకుంది.

*

మర్నాడు తన కుట్టుకొట్లో కత్తెర ఎడంచేతిలోకి తీసుకుని లైనింగు గుడ్డ కత్తిరించబోయింది. గుడ్డ తెగలేదు. రెండు రేకుల మధ్య నలిగి మడత పడింది. పక్క మిషను మీదున్న లక్ష్మీప్రసన్న పెడలు ఆపేసింది.

"ఏంటండక్కా, పెళ్ళివాళ్ళ జాకెట్టండి అది!"

"కత్తెర కుడిచేతికే పుడుతుంది ప్రసన్నా. చాకు కూడా అంతేనా?"

"చాకుకి చెయ్యేంటండి?" అని ఆ పిల్ల మళ్ళీ మిషను తొక్కడంలో పడింది.

మధ్యాహ్నం సౌజన్య గడియారస్తంభం దగ్గరున్న ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పేరూ బోర్డు మీద మాత్రమే పట్టింది, మనుషులకి ఆయన ఈశ్వర్రావుగారు. మడత చాకు కావాలంటే గాజు బల్ల మీద గుడ్డ పరిచి, నాలుగైదు రకాలు వరసగా పెట్టాడు.

"ఇది మొక్కలకి అంట్లు కట్టుకునే చాకండి. కడియం నర్సరీల వాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తారు. పదును చూడండి."

సౌజన్య కుడిచెయ్యి నడుం వెనక్కి పెట్టుకుంది. చాకు ఎడంచేత్తో తీసుకుంది. రేకు మీద గోరు పట్టుకోడానికి చిన్న గాడి ఉంది. బొటనవేలి గోరు అందులో పెట్టి లాగింది. రేకు కదల్లేదు. వేళ్ళు మార్చి ఇంకోసారి చూసింది. చాకు జారి నేల మీద పడింది. ఈశ్వర్రావు గభాల్న కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రెండు చేతులు ఉన్నాయి కదండీ మీకు!"

"నాక్కాదండి. మా మావయ్యగారికి. ఆయనకి ఎడంచెయ్యి ఒక్కటే పనిచేస్తుంది."

ఈశ్వర్రావు ఒక క్షణం ఆమెని చూసి, ఆ చాకు తుడిచి పక్కన పెట్టేశాడు. దాంతోపాటు ఇంకో రెండు కూడా తీసేశాడు. "అయితే ఇవేవీ పనికిరావండి" అని మరో డబ్బా దింపాడు.

మీట నొక్కితే టక్కుమని తెరుచుకునేది ఒకటి చూపించాడు. జేబులో తెరుచుకుంటే ఏం కాను అని సౌజన్య వద్దంది. కత్తెర, రంపం, మూతలు తీసేది, ఇంకా ఏవేవో కలిపి ఉన్నది ఒకటి చూపించాడు. అది చేతిలో పెట్టుకుంటే రాయిలా ఉంది, కావలసిన రేకు ఏదో వెతుక్కోవాలి. రేకుకి బొటనవేలితో తోసే బొడిపె ఉన్నది ఒకటి బాగానే ఉందనిపించింది. తీరా ఎడంచేత్తో పడితే బొడిపె అవతలివైపు ఉంది.

"ఇది కూడా కుడిచేతి వాళ్ళకేనండి" అంది సౌజన్య.

"ఆయ్. ఇన్నాళ్ళు అమ్ముతున్నాను, నేనెప్పుడూ చూసుకోలేదండి ఆ సంగతి" అని ఈశ్వర్రావు బల్లెక్కి, పైఅరలో మూల నుంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తీశాడు. "ఇది ఒక్కటే మిగిలిపోయింది. రంగు చూసి ఎవరూ కొనలేదండి. పిల్లల ఆటబొమ్మలా ఉందంటారు."

పిడి నారింజరంగులో ఉంది. పట్టు జారకుండా గరుకుగా చేసి ఉంది. రేకుకి రెండు వైపులా బొడిపెలు ఉన్నాయి. సౌజన్య బొటనవేలితో తోసింది. రేకు సగం వచ్చి ఆగింది. ఇంకోసారి తోస్తే పూర్తిగా తెరుచుకుని, లోపల ఎక్కడో కొక్కెం పడ్డ చప్పుడైంది. రేకు వీపుని బల్ల చెక్కకి ఆనించి గట్టిగా అదిమింది. మడత పడలేదు.

"పడదండి. వెనకాల ఈ మీట నొక్కితేనే మడత పడుతుంది."

"ఒక చేత్తో నొక్కి, ఆ చేత్తోనే ఎలా మడవాలండి?"

అది ఈశ్వర్రావుకి కూడా తెలియలేదు. ఆయన కూడా కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. మేకులు కొనడానికి వచ్చినాయన కొట్టాయననీ, సౌజన్యనీ మార్చి మార్చి చూసి నవ్వేశాడు. చివరికి ఈశ్వర్రావే కనిపెట్టాడు. అరచేతి మొదలుతో మీట నొక్కి, రేకు వీపుని తొడకి ఆనించి తోస్తే లోపలికి పోతోంది. సౌజన్య తనకి చెయ్యి తిరిగేదాకా మళ్ళీ మళ్ళీ చేసింది.

"తుప్పు పట్టదు కదండీ? బోరు నీళ్ళలో, బురదలో పడి ఉంటుంది."

"పట్టదండి. పదును పెట్టడానికి మటుకు కాస్త ఓపిక కావాలి. రంపప్పళ్ళ లాంటి అంచు ఉన్నదైతే అసలు పదును పెట్టక్కర్లేకుండా చాలాకాలం..."

"వద్దండి. సాదా అంచే కావాలి. సానరాయి మీద ఆయనే నూరుకోవాలి."

పిడి రంగు కూడా మంచిదే అనుకుంది. ఎండు కొబ్బరాకుల్లో పడిపోతే కనిపిస్తుంది. వెతికిపెట్టమని ఎవర్నీ పిలవక్కర్లేదు.

ఆ వారమంతా పెళ్ళి జాకెట్ల మధ్య సందు చేసుకుని మావయ్య చొక్కాలు సరిచేసింది. పక్కలు లోపలికి పట్టింది. కుడివైపున్న జేబు కుట్టు విప్పి తీసేసి, ఎడంవైపుకి మార్చింది. చెయ్యి సులువుగా దిగేలా మూతి ఏటవాలుగా కోసి, అడుగున రెండో పొర గుడ్డ వేసి, రెండేసి కుట్లు వేసింది. చాకు అందులో పెట్టి చొక్కా పట్టుకుని దులిపి చూసింది. పడలేదు. తన పనితనం మీద తనకే ముచ్చటేసింది.

*

ఆ తర్వాతి ఆదివారం ఆమె వెళ్ళేసరికి బాపిరాజు కర్ర పట్టుకుని తోటలో నడవడానికి వెళ్ళాడు. భూలక్ష్మి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. చొక్కాలు చూపిద్దామని సౌజన్య సంచీ తీసింది. పైన చాకు పెట్టె ఉంది.

"ఇదేంటే?"

"మావయ్యకండి. చూడండి, ఒక్క చేత్తోనే..." సౌజన్య తెరిచి చూపించింది. టక్కుమంది.

భూలక్ష్మి చేతిలో తడి తువ్వాలు ఉంది. ఆవిడ దాన్ని తీగ మీద వెయ్యలేదు. నీళ్ళు కారుతున్నదాన్ని అలాగే రెండు చేతులతో గుండెకి హత్తుకుని, గోడవార కుదేలుమని కూర్చుండిపోయింది.

"అత్తయ్యా! ఏమైందండీ?"

"మూసెయ్. ముందు దాన్ని మూసెయ్యి."

సౌజన్య మూసేసింది. పక్కన కూర్చుంది. భూలక్ష్మి గొంతు తగ్గించి, తోట వైపు చూస్తూ చెప్పింది.

"డాక్టరుగారు ఏమీ అనలేదమ్మా. అది నేను చెప్పిన మాట. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన కొత్తలో ఓ మధ్యాహ్నం కాఫీ పట్టుకుని అరుగు మీదకి వెళ్ళేను. చాకు తెరిచి ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. ఎలా తెరిచేరో, పళ్ళతోనే తెరిచుంటారు. ఏం చేస్తున్నారండీ అన్నాను. 'ఇంకా ఎందుకు భూలక్ష్మీ' అన్నారు. మాట కూడా సరిగ్గా రావట్లేదప్పుడు. నాకు అర్థమైంది. చెయ్యి చాపేను. ఇచ్చేసేరు. తీసుకెళ్ళి కాలవలో పారేసేను."

"శ్రీవాణికి తెలుసా?" శ్రీవాణి వాళ్ళమ్మాయి, కాకినాడలో ఉంటుంది.

"ఎవరికీ తెలీదు. వీరన్నక్కూడా కోసుకుంటారనే చెప్పేను. తండ్రి గురించి పిల్లకి ఆ మాట ఎలా చెప్పనే? ఆయనా నేనూ కూడా మళ్ళీ అనుకోలేదు ఆ సంగతి." ఆవిడ తువ్వాలు పిండింది. పిండాల్సిన నీళ్ళేవీ అందులో మిగల్లేదు. "నువ్వు ప్రేమగా తెచ్చేవు. నాకు తెలుసు. ఇవ్వకమ్మా."

సౌజన్య చాకుని సంచీ అడుగున పెట్టి జిప్పు వేసేసింది. వేలితో తోస్తే తెరుచుకుంటుందని, దులిపినా జేబులోంచి పడదని, వారమంతా తను సంబరపడినవన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

బాపిరాజు వచ్చి సరిచేసిన చొక్కా వేయించుకుంటానన్నాడు. సౌజన్యే కుడిచెయ్యి ముందు దూర్చి, తర్వాత ఎడంచెయ్యి దూర్చి, బొత్తాలు పెట్టింది. ఆయన అరుగు మీది పడకకుర్చీలో కూర్చుని, చెయ్యి పక్కకి వేలాడేస్తే అదంతట అదే జేబులోకి దిగింది. ఆశ్చర్యంగా కిందికి చూసుకున్నాడు.

"జేబు ఇటు మార్చేవే!"

"ఆయ్ మావయ్యా. రుమాలుకి వీలుగా ఉంటుందని."

బాపిరాజు వేళ్ళు జేబు అడుగున కదులుతున్నాయి. పొర గుడ్డని, కుట్లని తడుముతున్నాయి. చాలాసేపు తడిమాడు.

"రుమాలుకి రెండేసి కుట్లు వెయ్యరమ్మలూ" అన్నాడు మెల్లగా. "తెచ్చేవా?"

సౌజన్య గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో మజ్జిగ గ్లాసు పట్టుకుని భూలక్ష్మి ఆగిపోయింది. బాపిరాజు తల తిప్పకుండానే, ఆవిడ అక్కడ ఉందని తెలిసినట్టే మాట్లాడాడు.

"భూలక్ష్మీ, ఆ రోజు నేనన్నది ఉత్తినే అన్న మాట కాదు. అప్పుడు నిజంగానే అనుకున్నాను. నువ్వు రాకపోతే ఏం చేసేవాణ్ణో నాకు తెలీదు. నువ్వు భయపడ్డంలో తప్పు లేదు."

గ్లాసు మీది స్టీలు మూత చిన్నగా చప్పుడు చేసింది.

"ఇప్పుడు అనుకోవట్లేదు. అది ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. జొరం తగ్గినట్టు తగ్గిపోయింది. ఓరోజు పొద్దున్న తోటలోకి వెళ్తే మిరియం తీగ కొత్త ఆకు వేసింది. దాన్ని చెట్టుకి కట్టాలే అనుకున్నాను. ఆ తర్వాత చూసుకుంటే ఆ ఆలోచన రావడం మానేసింది."

"అయితే నాకు చెప్పొచ్చు కదండీ" అంది భూలక్ష్మి. "ఇన్నాళ్ళు... స్టూలెక్కి దిగి, స్టూలెక్కి దిగి..."

"ఎలా చెప్పను? చెప్తే, చాకు కోసం చెప్తున్నానని అనుకోవా?"

ఆవిడ గ్లాసు కుర్చీ చేతి మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర భూలక్ష్మి ఇద్దరికీ వడ్డించింది. పులుసు అడిగి మరీ వేసింది. బాపిరాజు ఎడంచేత్తో చెంచా పట్టుకుని నెమ్మదిగా తిన్నాడు. అత్తయ్య తను తినేటప్పుడు పెరటి వైపుకి తిరిగి కూర్చుంది. ఇంక బయల్దేరడమే మంచిదని సౌజన్య అనుకుంది. చాకు తనతోనే తీసుకెళ్ళిపోవాలి. తను రాకపోయినా బావుండేది.

సంచీ భుజాన వేసుకునేసరికి పెరట్లోంచి ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. భూలక్ష్మి ముందురోజు కాయల దింపులో కొట్టిన పచ్చి కొబ్బరిమట్టని మొదలు పట్టుకుని, ఇంటి పక్కనుంచి అరుగు మీదకి లాక్కొస్తోంది. బాపిరాజు కునుకుపాటు వదిలి చూశాడు.

"ఏంటే అది, ఈ ఎండలో?"

"చీపురు అరిగిపోయింది. ఈనెలు తియ్యాలి" అని ఆవిడ మట్టని ఆయన కాళ్ళ దగ్గర పడేసింది. పమిటతో మొహం తుడుచుకుని సౌజన్య వైపు చెయ్యి చాపింది. "నీ సంచీ ఇలా తే."

జిప్పు ఆవిడే తీసింది. పెట్టె ఆవిడే తెరిచింది. నారింజరంగు చాకుని ఆయన చేతికి ఇవ్వకుండా, పదునైనది చేతికి చేతికి ఇవ్వకూడదంటారు కనక, కుర్చీ చేతి మీద పెట్టింది. పెట్టిన చెయ్యి వెంటనే తియ్యలేదు. తర్వాత తీసింది.

బాపిరాజు దాన్ని తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలు బొడిపెని వెతుక్కుంది. మొదటిసారి జారింది. రెండోసారి సగం వచ్చింది. సౌజన్య చెప్పబోయి ఊరుకుంది. మూడోసారి టక్కుమని కొక్కెం పడింది. ఆ చప్పుడుకి భూలక్ష్మి భుజాలు ఒకసారి ఎగిరి కిందికి దిగాయి.

"మంచి రేకు" అన్నాడాయన, వేలు అంచుకి అడ్డంగా పోనిచ్చి. "ఎవరు ఎంచేరే ఇది?"

"నేనేనండి."

"నువ్వే ఎంచుంటావు. మగాళ్ళయితే ఈ రంగు తేరు."

ఒక కొబ్బరాకు మట్టనుంచి పీకి ఒళ్ళో వేసుకున్నాడు. చాకు ఈనె మొదట్లో పెట్టి లాగాడు. ఆకు మొత్తం చాకుతోపాటే వచ్చేసింది. దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించాడు. కుడి మోకాలికి బిగువు లేదు, ఆకు జారింది. కుర్చీ చేతి కింద తొక్కిపెట్టి చూశాడు. అలా కూడా కుదరలేదు. సౌజన్య నిలబడ్డచోటే ఆగిపోయింది. కొట్లో ఒక చేత్తో తెరవడం చూసింది, ఒక చేత్తో మూయడం చూసింది. కోసేటప్పుడు రెండో కొస ఎవరు పట్టుకుంటారన్నది ఆమెకి తట్టనే లేదు. సంచీ దింపి ఒక అడుగు ముందుకేసింది.

అప్పటికే భూలక్ష్మి ముక్కాలిపీట లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. ఆకు అందుకుని, ఒక కొస ఒక గుప్పిట, రెండో కొస ఇంకో గుప్పిట బిగించి, ఆయన మోకాళ్ళ ముందు తీగలా సాగదీసి పట్టుకుంది.

"ఊఁ" అంది.

బాపిరాజు చాకు ఈనెకి ఆనించాడు. రేకు ఆకుని చీల్చుకుంటూ ఆవిడ కుడి గుప్పిటవైపు జరిగింది. గుప్పిటకి వేలెడు దూరంలో ఆగింది. పచ్చటి పీలిక మెలి తిరిగి కింద పడింది.

"చెయ్యి కాస్త వెనక్కి పెట్టుకోవే."

"పెట్టుకుంటే కొస మిగిలిపోతుంది. మీరు ఆపుతారుగా."

ఆకు తిరగేసి పట్టుకుంది. ఆయన రెండోవైపు చీల్చాడు. లేతపసుపు ఈనె ఒకటి తేలింది. రెండోది తొందరగానే తేలింది. నాలుగోదానికి ఆయన ఆవిణ్ణి కసురుకోవడం మొదలుపెట్టాడు.

"వంకరగా పట్టుకుంటున్నావు. ఈనె విరిగిపోదూ?"

"చాకు మీరు వంకరగా పట్టుకుని నన్నంటారేంటండీ!"

"ఎడంచెయ్యే ఇది. దీనికి ఇంతే వచ్చు."

"నేర్చుకోండి మరి. చీపురుకి బోల్డు కావాలి."

సౌజన్య మెట్టు మీద కూర్చుని రాలిన పీలికలు కాసేపు పోగుచేసింది. తర్వాత లేచి, వెళ్ళొస్తానని చెప్పింది. ఇద్దరూ వినలేదు. ఇంకోసారి చెప్తే మావయ్య తల ఊపాడు కానీ కళ్ళు ఎత్తలేదు. కళ్ళు ఎత్తే పని కాదు అది. స్కూటీ తిప్పుకుంటూ వెనక్కి చూసింది. అత్తయ్య ఇంకో ఆకు పీకి గుప్పిళ్ళ మధ్య బిగించి పట్టుకుంటోంది.

"ఇది కాస్త పొడుగుదండి" అంటోంది. "నెమ్మదిగా రండి."